బహుమతుల రిజిస్టరులో మూడో పద్దు

ఎనిమిదో అధ్యాయాన్ని నా చేతులతోనే పంచిపెట్టాను. ముప్పై ఎనిమిది మంది పిల్లలకు, తలా ఒక కాగితం, చిత్తు లెక్కలు చేసుకోవడానికి.

మా బడిలో అది అలవాటు. ఆ అలవాటు చేసింది నా భార్యే. కంప్యూటర్ ప్రింటర్‌లోంచి వచ్చే కాగితం ఒకవైపే అచ్చవుతుంది, రెండోవైపు తెల్లగా మిగులుతుంది. అంచుల్లో చిల్లులున్న ఆ వెడల్పాటి కాగితాన్ని పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. తన పుస్తకం చిత్తుప్రతులకు చిల్లుల అంచులు చింపేసి, కట్ట కట్టి బడికి తెచ్చేది. ఆమె ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పేది. నేను తొమ్మిది, పదికి. ఏ తరగతిలో చిత్తుకాగితం అయిపోయినా ఆమె బల్ల కింద ఉండేది.

ఆమె పోయిన నెలకు ఇంట్లో ఆమె బల్ల సర్దాను. పైన ఉన్న కట్ట కూడా పాత చిత్తే అనుకున్నాను. చదివి చూడలేదు. ఆ రోజుల్లో ఆమె మాటలున్న ఏ కాగితాన్నీ నేను చదవడం లేదు. అంచులు చింపి, బడికి తీసుకెళ్లి, తొమ్మిదో తరగతిలో పంచాను.

ఇంకో మూడు నెలలకు పాఠ్యపుస్తకాల మండలి నుంచి ఉత్తరం వచ్చింది. లెక్కలంటే భయపడే పిల్లల కోసం ఆమె రాసిన జ్యామితి పుస్తకాన్ని వచ్చే విద్యాసంవత్సరానికి తీసుకుంటున్నారు. మొదటి ఏడు అధ్యాయాలు ఉన్నవి ఉన్నట్టే బాగున్నాయట. వృత్తాల మీద ఉన్న ఎనిమిదో అధ్యాయం కష్టంగా ఉందని లోగడ తిప్పి పంపారు. తిరగరాస్తానని ఆమె ఒప్పుకుంది. ఆ తిరగరాసిన అధ్యాయం, అచ్చుకు సిద్ధమైన పుటలుగా, ఇరవై ఐదు రోజుల్లో అందాలి. అందకపోతే ఆ చోటు మరో పుస్తకానికి వెళ్తుంది.

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని అలమర తెరిచాను. ఏడు కట్టలున్నాయి. ఎనిమిదోది లేదు. అయినా కంగారు పడలేదు, ఎక్కడో ఉంటుందనుకున్నాను. మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి పుస్తకానికి వేసుకున్న అట్ట మీద ఒక వృత్తం, దాని పక్కన "కేంద్రం నుంచి నడుద్దాం" అన్న శీర్షిక కనిపించాయి. అది నా భార్య వాక్యం.

పిల్లల్ని అడిగాను. చాలామంది పారేశారు. ఒకడు పడవ చేశానన్నాడు. ముప్పై ఎనిమిది పుటల్లో రెండు తిరిగి దొరికాయి: అట్టగా వేసిన మూడో పుట, వెనకాల భాగహారాలు చేసిన ఇరవై తొమ్మిదో పుట.

ఆ సాయంత్రం మా బావమరిదికి ఫోన్ చేశాను. నా భార్యకు తమ్ముడు. కాలేజీ కంప్యూటర్ కేంద్రంలో స్టోర్స్ చూస్తాడు. పుస్తకం మొత్తం అక్కడే టైపు అయింది. శనివారాలు ఆమె వెళ్లి కూర్చునేది. చివరి నెలల్లో వెళ్లలేక దిద్దుబాట్లు కాగితం మీద రాసి పంపితే అతనే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు.

"రేపు మధ్యాహ్నం రండి బావగారూ," అన్నాడు. గొంతులో ఏదో తడబాటు. అతనిది మొదటినుంచీ మెత్తటి గొంతే కాబట్టి పట్టించుకోలేదు.

అతని గదిలో ఇనప బీరువాలు తొమ్మిది. ఒక్కొక్క తాళంచెవికి ఒక్కొక్క రేకుబిళ్ల, దాని మీద అంకె. కాలేజీలో అతన్ని వెనకాల తాళాలబాబు అంటారని నా భార్యే నవ్వుతూ చెప్పింది. రసీదు లేకుండా అతని గదిలోకి గుండుసూదైనా రాదు, సంతకం లేకుండా బయటికి పోదు.

విషయం చెప్పాను. "ఏం పరవాలేదు, మిషన్‌లో ఉంది కదా," అన్నాను.

"కాగితం మీ దగ్గర ఉంది కదా," అన్నాడతను.

కాగితం ఏమైందో నేను ముందు చెప్పాను. అతను కుర్చీ వెనక్కి జరిపి, కూర్చోకుండా మళ్లీ ముందుకు జరిపాడు.

అతను చెప్పింది ఇది. రాసినదాన్ని పుటలుగా, శీర్షికలుగా, భిన్నాలూ వర్గమూలాలూ ఉన్న సమీకరణాలుగా కూర్చి అచ్చువేసే ప్రోగ్రామ్ ఒకటి వాళ్ల దగ్గర ఉంది. దాన్ని కంపెనీ అమ్మలేదు, వాడుకోనిచ్చింది, అంతే. ఏటా ఒక సీలు వేసిన కవరు వచ్చేది. అందులో పన్నెండు అక్షరాల సంకేతం. అది కొడితే ప్రోగ్రామ్ ఇంకో ఏడాది నడుస్తుంది. కొట్టకపోతే ఫలానా తేదీ రాగానే ఆగిపోతుంది. ఐదేళ్లు కవరు వచ్చింది. ఆరో ఏడు కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానుల దగ్గర్నుంచి కవరుకు బదులు కొత్త ఒప్పందం వచ్చింది: ఇన్నాళ్లూ ఎవరెవరు వాడారు, ఏ పనికి వాడారు, జాబితా రాసి సంతకం చేసి పంపండి, అప్పుడు సంకేతం ఇస్తాం.

"మరి పంపలేదా?"

"జాబితాలో అక్కని రాయాలి. కాలేజీ పనికి మాత్రమే వాడతామని కింద సంతకం పెట్టింది నేను. అక్క పుస్తకం కాలేజీ పని కాదు. డైరెక్టర్‌గారు సరే కానివ్వమన్నారు, కానీ నోటిమాటగా. నోటిమాటని జాబితాలో ఎక్కడ రాస్తాం? అలా నేను నాన్చుతుండగానే తేదీ వచ్చేసింది. అక్క పోయిన రెండు నెలలకి."

"ఎవరితోనూ అనలేదా?"

"ఎవరితో అంటాను? అంటే ఆ ఫైలు ఎవరిదని అడుగుతారు."

తెర మీద చూపించాడు. అతనికి తెలిసిన దారి ఒక్కటే: ఒకటి నొక్కితే టైపు, రెండు నొక్కితే అచ్చు. ఇప్పుడు ఏది నొక్కినా ఒకే వాక్యం. లైసెన్సు గడువు తీరింది, కంపెనీని సంప్రదించండి. నేను నాలుగుసార్లు నొక్కాను. ఒకే తప్పును నాలుగుసార్లు చేసే పిల్లవాణ్ని నేను కోప్పడతాను.

"తేదీ చూసే కదా ఆగిపోతోంది," అన్నాను. "మిషన్‌లో తేదీ వెనక్కి పెడితే?"

"అది అందరి మిషన్ బావగారూ. రెండొందల మంది పనులు దాని మీద నడుస్తున్నాయి. పరీక్షల మార్కులూ దాంట్లోనే." తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "తేదీ మార్చే సంకేతపదం సీలు కవర్లో ఉంటుంది. ఆ కవరు నా బీరువాలోనే. మొన్న అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు బయటికి తీశాను. సీలు పగలగొట్టలేకపోయాను."

"ఏ తేదీ పెడదామనుకున్నావు?"

చెప్పాడు. అదొక శనివారం. ఆమె తనంత తాను ఇక్కడిదాకా మెట్లెక్కి వచ్చి పని చేసుకున్న ఆఖరి శనివారం. నేను నడవాలో బెంచీ మీద పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

"మంచి రోజే," అన్నాను.

అతను బీరువా వైపు తిరిగి, తాళం వేసే ఉన్నా మరోసారి లాగి చూశాడు.

అప్పుడే తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. వచ్చినావిడ కంప్యూటర్ సమాచారం నిలవ చేసే టేపుల గది చూస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ పనే. డైరెక్టర్ మొదలుకుని అందరూ ఆవిణ్ని టేపులమ్మ అనే పిలుస్తారు. మోకాలి ఆపరేషనై ఐదు నెలలు సెలవులో ఉండి, ఆ వారమే తిరిగొచ్చింది. ప్రింటర్ రిబ్బన్లు కావాలని చీటీ పట్టుకొచ్చింది. నన్ను చూసి చీటీ మడిచేసింది.

"మాస్టారూ, నేను రాలేకపోయాను. మంచం మీదున్నాను."

"తెలుసమ్మా. మీ ఉత్తరం అందింది."

అంతకుమించి ఆవిడ ఏమీ అనలేదు. అందుకు ఆవిడ పట్ల నాకు ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమిటయ్యా, ఇద్దరూ తప్పిపోయిన దూడని వెతుక్కునేవాళ్లలా ఉన్నారు," అంది మా బావమరిదితో.

అతను నా వైపు చూశాడు. నేను తలూపాను. అంతా చెప్పాడు.

"ఫైలు తెరిచి చూశావా?" అంది.

"ప్రోగ్రామే తెరుచుకోకపోతే ఫైలెలా తెరుచుకుంటుంది?"

"ఆ ఒకటీ రెండూ నొక్కే దారి తప్ప నీకు ఇంకోటి తెలీదు. తెలుసుకోమంటే స్టోర్స్‌కి ఎందుకంటావు." కర్ర ఊతంగా లేచింది. "పద. మాస్టారూ, మీరూ రండి."

టేపుల గది చల్లగా ఉంది. గోడల పొడుగునా అరలు, అరల నిండా గుండ్రటి డబ్బాలు. మూల ఒక టెర్మినల్. ఆవిడ ఒంటివేలితో కాకుండా పది వేళ్లతో కొట్టింది. మా బావమరిది వాడే పేరుతో లోపలికి వెళ్లి, ఫైళ్ల జాబితా తెప్పించింది. ఎనిమిదో అంకెతో ఉన్న ఫైలుంది. దాన్ని ప్రోగ్రామ్‌కి ఇవ్వకుండా, ఉన్నది ఉన్నట్టు తెర మీద పరచమని మిషన్‌కి చెప్పింది.

అక్షరాలు వచ్చాయి. ముందు కొన్ని అర్థంకాని గుర్తులు: శీర్షిక ఇక్కడ మొదలు, ఇక్కడ ఆఖరు, ఇక్కడ బొమ్మకు నాలుగంగుళాలు వదులు. వాటి మధ్య, ఏ ముసుగూ లేకుండా, ఆమె వాక్యాలు.

"కేంద్రం నుంచి నడుద్దాం. ఎటు నడిచినా గీత దగ్గరికి అన్నే అడుగులు."

"తాళం వేసి గొళ్లెం మరిచినట్టు," అంది టేపులమ్మ. "కంపెనీ వాళ్లు తాళం వేసింది వాళ్ల ప్రోగ్రామ్‌కయ్యా. మీ అక్క మాటలకి వాళ్లెవరు తాళం వెయ్యడానికి? ఇదిగో, ఎక్కడికీ పోలేదు."

మా బావమరిది గోడకు ఆనుకున్నాడు. నాకు కుర్చీ కనిపించింది కాబట్టి కూర్చున్నాను. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న రాయిని ఎవరో రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఊపిరి ఎంత లోతుకు వెళ్తుందో అప్పుడు తెలిసింది.

అదంతా కాగితం మీదికి తెప్పించారు. ప్రింటర్ గదిలో నిలబడి, మడతలు మడతలుగా పడుతున్న కాగితాన్ని పడ్డది పడ్డట్టే చదివాను. ఆమె కాగితం చదవడానికి నాకు ఆ రోజు ఏ అడ్డూ తోచలేదు. పుటల మధ్య అక్కడక్కడా ఒక ప్రత్యేకమైన గుర్తుతో మొదలైన వరుసలున్నాయి. అవి అచ్చులోకి రావనీ, రాసేవాళ్లు తమకోసం తాము రాసుకునేవనీ టేపులమ్మ చెప్పింది. నా చేతులతో పంచిన ముప్పై ఎనిమిది పుటల్లో అవి లేవు.

"మూడోసారి రాస్తున్నాను. ఇంకా పెద్దవాళ్ల మాటల్లోనే ఉంది."

"దారప్పోగుతో చేసి చూపించాలి. బొమ్మ చాలదు."

"నిరూపణ ముందు పెట్టమని ఆయన అంటారు. వినకూడదు."

మూడోది మా బావమరిది కూడా చదివాడు. "నిజంగా అన్నారా బావగారూ?"

"ఇప్పటికీ అదే అంటాను."

టేపులమ్మ నవ్వింది. అతను కూడా నవ్వి, తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

మాటలు దొరికాయి, సరే. ఇవి పుటలు కావాలి. మామూలు టైపుమిషన్ మీద కొట్టిస్తే మండలి తీసుకోదు. భిన్నం గీతలూ వర్గమూలాల గుర్తులూ చేత్తో గీసిన పుటలను లోగడే తిప్పి పంపారు. కొత్త ఒప్పందం కుదిరి సంకేతం వచ్చేసరికి ఎన్ని నెలలో ఎవరికీ తెలీదు.

"నా దగ్గర ఒకటుంది," అంది టేపులమ్మ. "ఉందని ఈయనకీ తెలుసు."

మా బావమరిది నేల చూశాడు.

ఆవిడ తన సొంత అలమర తెరిచింది. దుప్పటి, మందులసీసా, టిఫిన్ డబ్బా, వాటి వెనక ఒక టేపు. మూడేళ్ల కిందట ఇంకో కాలేజీలో ఇదే పని చేసే ఆవిడ పోస్టులో పంపిందట. ఎవరో లెక్కల ప్రొఫెసర్ తన పుస్తకం అచ్చయిన తీరు నచ్చక, పుటలు కూర్చే ప్రోగ్రామ్ తనే రాసుకుని, కావలసినవాళ్లందరినీ తీసుకోమన్నాడట. డబ్బా మీద చేత్తో రాసి ఉంది: ఎవరికైనా ఇవ్వవచ్చు.

"మూడేళ్లా? మరి వాడలేదేం?"

"ఆయన్నే అడగండి."

"కొనుగోలు సంఘానికి మూడు కొటేషన్లు కావాలి బావగారూ. దీనికి ఒక్కటి కూడా లేదు. కంపెనీ లేదు, బిల్లు లేదు. బిల్లు లేనిది స్టాకు రిజిస్టరులో ఎక్కదు. రిజిస్టరులో లేనిదాన్ని మిషన్‌లో ఎలా పెట్టనిస్తాను? పాడైతే ఎవర్ని అడగాలి?"

"పాడైతే ఎవర్నో అడగొచ్చని మిగతాది కొన్నారు," అంది ఆవిడ. "అది పాడవలేదు, బంగారంలా ఉంది. తలుపు మాత్రం తియ్యదు. ఇది ఊరికే వచ్చింది కదా, పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా? అప్పుడు ఒక ప్రొఫెసర్ కూడా అన్నారు, ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో లోపముంటుందని. డైరెక్టర్‌గారు పెట్టుకోమన్నారు మాస్టారూ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా."

"నేను రూలు చెప్పాను," అన్నాడతను. గొంతు మరీ మెత్తబడింది. "రూలు అంతే ఉంది."

నేను రూళ్ల మనిషినే. అతన్ని ఆ క్షణంలో ఎత్తిపొడవాలనిపించలేదు. "రూలు ప్రకారమే దారి ఏదైనా ఉందేమో చూడు," అన్నాను. "లెక్క రానప్పుడు ఇచ్చిన వివరాలు మళ్లీ చదవమంటాం కదా."

అతను తన గదికి వెళ్లాడు. మేమూ వెనకే వెళ్లాం. ఆరో బీరువా తెరిచి రిజిస్టర్లన్నీ బల్ల మీద పేర్చాడు. స్టాకు, వినియోగం, మరమ్మతులు, తుక్కు. అన్నిటికన్నా అడుగున దుమ్ము పట్టిన సన్నటి పుస్తకం ఒకటి. ఊదితే దుమ్ము టేపులమ్మ ముఖాన పడింది. ఆవిడ ఏమీ అనలేదు, అది ఏ పుస్తకమో అప్పటికే చూసింది కాబట్టి.

బహుమతుల రిజిస్టరు. రెండే పద్దులున్నాయి. ఒకటి, పాత విద్యార్థులిచ్చిన గోడగడియారం. రెండు, చేపలతొట్టి, దాని ఎదురుగా "చేపలు లేకుండా" అని అతనికి ముందున్న ఉద్యోగి రాసి పెట్టాడు.

"బహుమతికి బిల్లు అక్కర్లేదు," అన్నాడు మా బావమరిది, తనలో తను చదువుకుంటున్నట్టు. "కొటేషన్లూ అక్కర్లేదు."

"మూడేళ్లు పట్టింది నాయనా ఈ అడుగు బీరువా తెరవడానికి."

"ఆరో బీరువా అమ్మా," అన్నాడు. కలం తీశాడు. "దాత పేరు చెప్పండి."

"నాకిచ్చింది ఆ కాలేజీ టేపులావిడ. ఆవిడకెవరిచ్చారో."

"మొదట ఇచ్చినాయన?"

"ఆయన అందరికీ ఇచ్చాడు. మనకని ఇవ్వలేదు."

చాలాసేపు ఆలోచించి ఆ కాలేజీ పేరే రాశాడు. తర్వాతి గడి షరతులది.

"ఉన్నది ఒక్కటే," అంది టేపులమ్మ. "ప్రోగ్రామ్‌ని మనం మార్చుకుంటే, మార్చినదానికి ఆయన పెట్టిన పేరు వాడకూడదు. వేరే పేరు పెట్టుకోవాలి."

"ఎవరు వాడారో జాబితా?"

"అడగలేదు."

"గడువు?"

"లేదు."

అతని కలం ఆ గడి దగ్గర ఆగింది. ఆరేళ్లుగా ప్రతి ఏడూ ఆ తేదీని కేలెండర్ మీద ఎర్రసిరాతో చుట్టినవాడు. మెల్లగా, అక్షరాలు విడివిడిగా, "లేదు" అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ వేశాడు. ఆ రోజు తేదీయే.

ఆ తర్వాత పని సాఫీగా సాగిందని అంటే అబద్ధమవుతుంది. టేపు లోపలికి ఎక్కించడానికే రెండు రోజులు పట్టింది. కంపెనీ వాళ్లదైతే అట్టలేసిన పుస్తకాలు మూడు, సందేహమొస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉండేవి. దీనికున్నది ఫొటోకాపీల కట్ట ఒకటి, అందులోనూ నూట పన్నెండో పుట లేదు. మొదటిరోజు ఒక వాక్యం ఇస్తే పదమూడు తప్పులు చెప్పింది. "మా అత్తగారు నయం," అంది టేపులమ్మ.

బడి వదిలాక రోజూ వెళ్లేవాణ్ని. పాత ప్రోగ్రామ్ గుర్తు ఎడమవైపు, కొత్త ప్రోగ్రామ్ గుర్తు కుడివైపు రాసి ఒక పట్టిక తయారు చేశాను. శీర్షికకు ఇది, భిన్నానికి ఇది, బొమ్మ ఖాళీకి ఇది. అరవై మూడు వరుసలయింది. మా బావమరిది ఆ పట్టిక పక్కన పెట్టుకుని ఒక్కొక్క గుర్తు మార్చేవాడు. ఏ ఒక్కటీ వదిలేవాడు కాదు. మార్చిన ప్రతిదానికీ పట్టికలో చిన్న టిక్కు. ఆ పనికి అతనిలాంటివాడే కావాలి. టేపులమ్మ నడిపించి, కోప్పడి, పుట పుటకూ అచ్చు తీయించేది.

తొమ్మిదో రోజు మొదటి పుట సరిగ్గా వచ్చింది. అక్షరాలు పాతవాటిలా లేవు, కొంచెం సన్నం. భిన్నాలు మాత్రం ఎవరో ఓపికైన మనిషి కూర్చుని పేర్చినట్టు, గీత మీద ఒకటి, గీత కింద ఒకటి, సరిగ్గా మధ్యకు వచ్చాయి. లెక్కలు తెలిసినవాడు రాసిన ప్రోగ్రామ్ అని చెప్పనక్కరలేకుండా తెలుస్తోంది. ఆమె చూస్తే ఎక్కువసేపు చూసేది.

ఎనిమిదోది ఒక రకం అక్షరాల్లో, మిగతా ఏడూ ఇంకో రకంలో ఉంటే బాగుండదని మా బావమరిదే అన్నాడు. పట్టిక ఉంది కాబట్టి ఆ ఏడూ ఆరు రోజుల్లో అయిపోయాయి. ఈలోగా ప్రింటర్ గదిలో పుటలు చూసిన ఫిజిక్స్ అధ్యాపకుడొకాయన, "ఇది మాకూ ఇస్తారా? ఎవరి సంతకం కావాలి?" అని అడిగాడు.

"ఖాళీ టేపు తెచ్చుకోండి చాలు," అంది టేపులమ్మ.

"అంతేనా?"

"ఇంకేం కావాలి బాబూ, వేలిముద్రా?"

ఆయన వెళ్లి ఇంకో ఇద్దర్ని తీసుకొచ్చాడు. ఊరికే ఇచ్చేదాంట్లో ఏదో లోపముంటుందన్న ప్రొఫెసర్ కూడా వచ్చాడని, టేపు పట్టుకుని గుమ్మం దగ్గర కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడని టేపులమ్మ చెప్పింది. నా పట్టికను ఎవరో అడిగి నకలు తీసుకున్నారు. ఆ నకలుకు నకలు నెల తిరక్కుండా ఐదు విభాగాల్లో తిరిగింది. కంపెనీ ఒప్పందం మా బావమరిది బల్ల మీద అలాగే ఉంది. దాని గురించి ఎవరూ అడగడం మానేశారు.

గడువుకు నాలుగు రోజులుందనగా పుస్తకం పూర్తయింది. బొమ్మలు ఆమె నల్లసిరాతో గీసి ఫైల్లో పెట్టినవే, ఖాళీల్లో అంటించాం. కట్ట కట్టేముందు ఎనిమిదో అధ్యాయం జవాబుల పుట ఇంకోసారి చూశాను. ఏ పుస్తకమైనా జవాబులు సరిచూడకుండా వదలడం నాకు చేతకాదు.

పద్నాలుగో లెక్క. వృత్తం వ్యాసార్ధం పదమూడు. కేంద్రం నుంచి జ్యా ఐదు దూరంలో ఉంది. జ్యా పొడవెంత? ఆమె జవాబు పన్నెండు. రావలసింది ఇరవై నాలుగు. పన్నెండు అంటే జ్యాలో సగం. పిల్లలు అక్కడే ఆగిపోతారు, రెట్టింపు చేయడం మరిచిపోతారు. అలా మరిచిపోవద్దని అదే అధ్యాయంలో ఆమె రెండుచోట్ల రాసింది. జవాబుల పుట ఆమె చిట్టచివర రాసి పంపినది. అప్పటికి ఆమె ఒంట్లో ఎలా ఉండేదో నాకు తెలుసు.

మా బావమరిదికి చూపించాను.

"అలాగే ఉంచుదాం బావగారూ. అక్క రాసింది."

"లేదు," అన్నాను. "ఏ పిల్లవాడో సరిగ్గా చేసి, జవాబు కలవలేదని తన లెక్క కొట్టేసుకుంటాడు. మీ అక్క ఒప్పుకోదు."

అతను తలూపాడు. లేచి కుర్చీ ఇచ్చాడు. ఇన్ని రోజుల్లో టెర్మినల్ ముందు నేను కూర్చోవడం అదే మొదలు. ఒకటీ రెండూ తుడిచి, రెండూ నాలుగూ కొట్టాను. టేపులమ్మ భుజం మీంచి చూసి, "భద్రం చెయ్యండి, లేకపోతే పోతుంది," అంది. చేశాను. అధ్యాయం మొత్తం మళ్లీ కూర్చుకుంది. ఏ వాక్యమూ జారలేదు. ప్రింటర్ ఆ ఒక్క పుటనే కక్కింది, వెచ్చగా ఉంది. పాత పుట తీసి కొత్తది పెట్టాం.

ఆకలేస్తోందని అప్పుడు తెలిసింది. ముగ్గురం టేపులమ్మ డబ్బా పంచుకున్నాం. ఆవిడ మోకాలి గురించీ, కోడలి గురించీ, కోడలే నయమన్న సంగతీ చెప్పింది. నేను వింటూ రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

బయల్దేరుతుంటే మా బావమరిది ఆపాడు. గేటు పాసు లేకుండా కాలేజీ నుంచి కాగితమైనా బయటికి పోకూడదు. చీటీల పుస్తకం తీసి, వస్తువు అన్నచోట "జ్యామితి పుస్తకం, ఎనిమిది అధ్యాయాలు" అని రాశాడు. కింద రెండు మాటలు అచ్చయి ఉంటాయి, ఒకటి కొట్టేయాలి: తిరిగి తేవలసినది, తిరిగి తేనక్కరలేనిది. మొదటిదాన్ని స్కేలు పెట్టి కొట్టేసి, చీటీ చింపి నా చేతికిచ్చాడు.